అలంకార అక్షరాలతో రాసిన పేరు వెతికితే ఎందుకు దొరకడం లేదు?

తెల్లకాగితం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఇంగ్లీషులో మామూలుగా టైపు చేసిన మాటను ముద్దక్షరాలుగా, వాలు అక్షరాలుగా, గొలుసుకట్టు రాతగా, వలయాల్లో ఇమిడిన అక్షరాలుగా, చివరికి తలకిందులుగా కూడా మార్చి ఇచ్చే వెబ్‌సైట్లు చాలానే ఉన్నాయి. పెట్టెలో మాట రాయగానే కింద రకరకాల రూపాలు వరుసగా కనిపిస్తాయి. నచ్చినదాన్ని కాపీ చేసి, అక్షరాల సోకును మార్చుకునే వీలు లేని చోట కూడా అతికించవచ్చు. మా పఠన బృందం పేజీకి నేను ఇలాగే గొలుసుకట్టు అక్షరాలతో పేరు పెట్టాను. చూడటానికి ముచ్చటగానే ఉంది.

అయితే మూడు చిక్కులు వచ్చాయి. మొదటిది, పేరును మామూలుగా టైపు చేసి వెతికినవారికి మా పేజీ కనిపించడం లేదు. రెండవది, పాత ఫోన్లు వాడే ఇద్దరు సభ్యులకు పేరు ఉండవలసిన చోట ఖాళీ డబ్బాలు కనిపిస్తున్నాయి. మూడవది, ఇదే పేరును ఒక నమోదు ఫారంలో అతికిస్తే, పేరులో అక్షరాలు మాత్రమే ఉండాలని చెప్పి తిరస్కరించింది. నేను రాసినవి అక్షరాలు కాకపోతే మరేమిటి? ఇది ఫాంటుకు సంబంధించిన సమస్యా, లేక వేరే ఏదైనా ఉందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

కూర్పరి:

తెల్లకాగితం గారూ, ఇందులో ఫాంటు ప్రమేయం దాదాపు ఏమీ లేదు. ఫాంటు మార్చినప్పుడు అక్షరం అదే ఉండి, తెర మీద దాని ఆకారం మాత్రమే మారుతుంది. ఈ వెబ్‌సైట్లు అక్షరాన్నే తీసివేసి, దాని స్థానంలో దానిలా కనిపించే మరో అక్షరాన్ని పెడుతున్నాయి.

కంప్యూటరుకు ప్రతి అక్షరమూ ఒక సంఖ్యే. ప్రపంచంలోని లిపుల అక్షరాలకు సంఖ్యలు కేటాయించే యూనికోడ్ పట్టికలో ఇంగ్లీషు వర్ణమాలలోని మొదటి పెద్ద అక్షరం 'ఏ' సంఖ్య 65. అదే అక్షరం ముద్దగా ఉన్న రూపానికి 119808, వలయంలో ఉన్న రూపానికి 9398, చైనా, జపాన్ లిపుల పక్కన సరిపోయేలా వెడల్పుగా ఉన్న రూపానికి 65313 అని విడివిడిగా సంఖ్యలు ఉన్నాయి. ముద్దక్షరాలు ఇచ్చే సాధనం చేసే పని చాలా చిన్నది: పెద్ద అక్షరం సంఖ్యకు 119743, చిన్న అక్షరం సంఖ్యకు 119737 కలుపుతుంది. మీ కంటికి అది అదే పేరు. వెతికే యంత్రం మాత్రం సంఖ్యలను పోలుస్తుంది కనుక ఒక్క అక్షరం కూడా కలవదు. కొన్ని పెద్ద వెతుకుయంత్రాలు ఇలాంటి అక్షరాలను ముందుగానే మామూలు అక్షరాలుగా మార్చుకొని పోలుస్తాయి. ఒక్కొక్క సైటు లోపల ఉండే వెతుకుపెట్టెలు అంత శ్రద్ధ చూపుతాయన్న భరోసా లేదు.

అసలు ఇవి పట్టికలోకి ఎందుకు వచ్చాయన్నది తెలిస్తే మిగిలినదంతా సులభంగా అర్థమవుతుంది. మీరు వాడిన ముద్ద, వాలు, గొలుసుకట్టు రూపాలు గణితం కోసం చేర్చినవి. 2001 మార్చిలో వచ్చిన యూనికోడ్ 3.1లో 'గణిత అక్షర సంఖ్యా చిహ్నాలు' అనే విభాగం ఏర్పడింది. గణితంలోనూ భౌతికశాస్త్రంలోనూ ఒకే అక్షరం వేర్వేరు రూపాల్లో వేర్వేరు రాశులను సూచిస్తుంది. ఉదాహరణకు గొలుసుకట్టు 'హెచ్' హామిల్టోనియన్ అనే శక్తి రాశిని, మామూలు 'హెచ్' అయస్కాంత క్షేత్రాన్ని సూచిస్తూ ఒకే సమీకరణంలో రెండు వైపులా రావచ్చు. అక్షరాల సోకు పోయి రెండూ ఒకేలా మిగిలితే ఆ సమీకరణానికి అర్థమే మారిపోతుంది. ఆ నష్టం జరగకుండా ఒక్కొక్క రూపానికి సొంత సంఖ్య ఇచ్చారు. పేర్లనూ శీర్షికలనూ అలంకరించుకోవడం ఆ కూర్పులో ఉద్దేశమే కాదు. మామూలు వాక్యాల్లో ముద్దగానో వాలుగానో రాయాలనుకుంటే ఆ పనిని ఫాంటుకూ పేజీ అమరికకూ వదిలిపెట్టాలనే యూనికోడ్ వారు చెబుతారు.

ఈ విభాగంలో 1024 స్థానాలు ఉండగా 996 మాత్రమే నిండి ఉన్నాయి. ఖాళీల్లో ఒకటి నాకు ఎప్పుడూ తమాషాగా అనిపిస్తుంది. వాలు అక్షరాల వరుసలో చిన్న 'హెచ్' ఉండవలసిన 119893వ స్థానం ఖాళీ. భౌతికశాస్త్రంలో ప్లాంక్ స్థిరాంకాన్ని సూచించే వాలు 'హెచ్' అంతకుముందే 8462వ స్థానంలో ఉన్నందున, ఒకే గుర్తుకు రెండు సంఖ్యలు ఎందుకని ఆ చోటును వదిలేశారు. గొలుసుకట్టు వరుసలో ఇలాంటి ఖాళీలు పదకొండు. ఈ సంగతి తెలియకుండా వట్టి కూడికతోనే సాధనం తయారు చేసినవారి దగ్గర ఆ ఖాళీల్లో పడిన అక్షరాలు మాత్రమే డబ్బాలుగా తేలుతాయి. మీ సభ్యులకు పేరంతా డబ్బాలుగా కనిపిస్తున్నదంటే కారణం ఇది కాదు. వారి ఫోన్లలోని ఫాంట్లలో ఈ గణిత అక్షరాలకు బొమ్మలే లేవు. ఫాంటు పాత్ర ఉన్నది ఆ ఒక్కచోటనే.

మిగిలిన అలంకారాల పుట్టుక వేరు. తలకిందుల రాతకు వాడేవి చాలావరకు ధ్వనిశాస్త్ర లిపి నుంచి ఏరుకొచ్చిన అక్షరాలు. తిరగబడిన ఇంగ్లీషు 'ఈ' నిజానికి ఒక అచ్చును సూచించే ధ్వని సంకేతం, దాని సంఖ్య 601. అక్షరాలన్నిటినీ తలకిందులు చేయాలని ఎవరూ పూనుకోలేదు కాబట్టి ఆ రాతలో కొన్ని అక్షరాలు అతుకులబొంతలా కనిపిస్తాయి.

మీ ఫారం విషయానికి వస్తే, యూనికోడ్ లెక్కలో గణిత రూపాలు కూడా అక్షరాలే. వలయాల్లోని రూపాలను మాత్రం అది చిహ్నాలుగా లెక్కిస్తుంది. ఆ ఫారం తయారు చేసినవారు బహుశా మామూలు ఇరవై ఆరు అక్షరాలనే అనుమతించి ఉంటారు. వారి సందేశం సరిగ్గా లేదు కానీ, తిరస్కరించడం మాత్రం మీకు మేలే చేసింది.

వినికిడి:

కూర్పరి గారు చెప్పినదానికి ఒక ముఖ్యమైన విషయం జోడించాలి. నేను తెరను చూడలేను, స్క్రీన్ రీడర్ ద్వారా వింటాను. మీ బృందం పేరు నా చెవికి ఎలా చేరుతుందో చెబుతాను. మామూలుగా రాసిన ఐదక్షరాల పేరైతే ఒక్క మాటగా, ఒక్క క్షణంలో వినిపిస్తుంది. అదే పేరును గణిత అక్షరాలతో రాస్తే, "మ్యాథమెటికల్ బోల్డ్ స్క్రిప్ట్ క్యాపిటల్ బీ, మ్యాథమెటికల్ బోల్డ్ స్క్రిప్ట్ స్మాల్ ఓ" అంటూ ఐదు పొడవైన పేర్లు వినిపించవచ్చు. వాటిలోంచి ఒక్కొక్క అక్షరాన్ని ఏరి, గుర్తుపెట్టుకొని, మాటగా కలుపుకోవలసింది నేను. రాతను చదివి వినిపించే కొన్ని సాధనాలకు ఈ అక్షరాల సంగతే తెలియదు. అవి అసలు నోరు విప్పవు, అక్కడ ఏదో రాసి ఉన్నదన్న సూచన కూడా ఇవ్వవు. పొడవైన పేరు వింటే విసుగు వస్తుంది, అంతే. ఏమీ వినిపించకపోతే మాత్రం పేరు పెట్టని పేజీ అనుకొని దాటిపోతాను.

పరిస్థితి కొంత మెరుగుపడింది. నేను వాడే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌లో 2024.3 వెర్షన్ నుంచి ఇలాంటి అక్షరాలను మామూలు రూపానికి మార్చి చదివే సదుపాయం, బ్రెయిలీ తెరకు కూడా వర్తించేలా వచ్చింది. అయితే మొదట్లో దాన్ని అమరికల్లోకి వెళ్ళి తెలిసి ఆన్ చేసుకోవలసి వచ్చేది. పైగా తలకిందుల అక్షరాలకు అది ఏమీ చేయలేదు, ఎందుకంటే అవి యూనికోడ్ దృష్టిలో మరో అక్షరానికి అలంకార రూపాలు కావు, పూర్తిగా వేరే అక్షరాలు.

అలంకారం వద్దని నేను అనను. పేరు మామూలు అక్షరాల్లో ఉంచండి. సోకు కావాలంటే నచ్చిన ఫాంటులో బొమ్మగా చేయించి పేజీ పైభాగంలో పెట్టి, ఆ బొమ్మకు వివరణగా అదే పేరును రాయండి. చూసేవారికి సోకూ ఉంటుంది, నాకు పేరూ వినిపిస్తుంది.

కాపలాదారు:

నేను సాఫ్ట్‌వేర్ వైపు నుంచి మాట్లాడతాను. సభ్యుల పేర్లను నమోదు చేసుకునే వ్యవస్థలకు ఈ అక్షరాలు చాలాకాలంగా తలనొప్పే. ఒకేలా కనిపించే రెండు పేర్లు రెండు వేర్వేరు ఖాతాలు అయితే మోసానికి దారి తెరిచినట్టే. అందుకని పోలికకు ముందు పేరును ఒక ప్రామాణిక రూపానికి తెస్తారు. యూనికోడ్ ఇందుకోసం నిర్వచించిన పద్ధతుల్లో ఎన్‌ఎఫ్‌కేసీ అనేది ముద్ద, వాలు, గొలుసుకట్టు, వెడల్పు రూపాలనూ, గీతతో గీసిన వలయాల్లోని అక్షరాలనూ తిరిగి మామూలు అక్షరాలుగా మారుస్తుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చరరాశుల పేర్లకు ఇదే వర్తిస్తుంది కాబట్టి, అక్కడ గణిత ముద్దక్షరంతో పేరు పెట్టినా మామూలు అక్షరంతో పెట్టినా ఒకే చరరాశి అవుతుంది.

ఈ పని సరిగ్గా చేయకపోతే ఏమవుతుందో స్పాటిఫై సంస్థ 2013లో తన ఇంజనీరింగ్ బ్లాగులో తానే వివరించింది. చిన్న అక్షరాల్లో 'బిగ్‌బర్డ్' అనే పేరుతో ఒక ఖాతా ఉందనుకోండి. మరొకరు అదే పేరును, పంక్తికి కాస్త పైన చిన్నగా కనిపించే పెద్ద అక్షరాలతో రాసి కొత్త ఖాతా కోరారు. పేరును ప్రామాణిక రూపానికి తెచ్చే పద్ధతి మొదటిసారి నడిచినప్పుడు ఆ అలంకారాన్ని తొలగించి మామూలు పెద్ద అక్షరాలను ఇచ్చింది. అలాంటి ఖాతా అంతకుముందు లేదు కనుక నమోదు జరిగిపోయింది. ఆ తరువాత కొత్త ఖాతాదారు సంకేతపదం మార్చుకోవడానికి లింకు అడిగి వాడినప్పుడు అదే పద్ధతి ఆ ఫలితం మీద రెండవసారి నడిచి, పెద్ద అక్షరాలను చిన్న అక్షరాలుగా మార్చింది. మారిన సంకేతపదం అసలు బిగ్‌బర్డ్ ఖాతాది. ఒకసారి నడిపినా పదిసార్లు నడిపినా ఒకే ఫలితం రావలసిన పద్ధతి రెండుసార్లకు రెండు ఫలితాలు ఇవ్వడమే అక్కడి లోపం. మీ ఫారం వాళ్ళు ఇలాంటి చిక్కులన్నీ ఎందుకని మామూలు అక్షరాలు తప్ప మరేవీ తీసుకోకూడదని నిర్ణయించుకొని ఉంటారు, నేను వారిని తప్పుపట్టలేను.

ఎన్‌ఎఫ్‌కేసీ కూడా పట్టుకోలేనివి కొన్ని ఉన్నాయి. ఇంగ్లీషు చిన్న 'ఏ' సంఖ్య 97. రష్యన్ మొదలైన భాషలు రాసే సిరిలిక్ లిపిలో అచ్చం అలాగే ఉండే అక్షరం సంఖ్య 1072. ఇది అలంకారం కాదు, మరో లిపిలోని నిజమైన అక్షరం, కాబట్టి దాన్ని 97గా మార్చడానికి ప్రామాణిక పద్ధతి ఒప్పుకోదు. 2017లో ఒక భద్రతా పరిశోధకుడు అన్నీ సిరిలిక్ అక్షరాలతోనే ఆపిల్ సంస్థ చిరునామాను పోలిన చిరునామాను నమోదు చేసి, కొన్ని బ్రౌజర్ల చిరునామా పట్టీలో అది అసలైన చిరునామాలాగే కనిపిస్తున్నదని చూపించాడు. క్రోమ్ 58వ వెర్షన్‌లో దాన్ని సరిదిద్దారు. ఇలా ఒకదాన్నొకటి పోలిన అక్షరాల జాబితాను యూనికోడ్ వారు భద్రతా ప్రమాణంలో భాగంగా విడిగా నిర్వహిస్తున్నారు.

నిడివి గురించి కూడా ఒక మాట. ఈ సంఖ్యలను బైట్లుగా నిల్వ చేసే యూటీఎఫ్-8 పద్ధతిలో మామూలు ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, గణిత అక్షరానికి నాలుగు కావాలి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో చాలాకాలం 'యూటీఎఫ్8' అన్న పేరుతో చలామణీ అయిన రకం మూడు బైట్లకు మించి నిల్వ చేయలేదు కనుక, పాత పట్టికల్లో ఇలాంటి పేరు చేరిస్తే పొరపాటు సందేశం రావచ్చు, లేదా పేరు మధ్యలో తెగిపోవచ్చు. ఇంగ్లీషు అక్షరాలైతే ఒక ఎస్సెమ్మెస్‌లో 160 పడతాయి. గణిత అక్షరం ఒక్కటి దూరినా ఆ సందేశమంతా 70 యూనిట్లు మాత్రమే పట్టే పద్ధతికి మారుతుంది, అందులో ఒక్కొక్క గణిత అక్షరానికి రెండు యూనిట్లు ఖర్చవుతాయి.

తెల్లకాగితం:

ముగ్గురికీ కృతజ్ఞతలు. వినికిడి గారూ, మీరు చెప్పిన కోణం నాకు తట్టనే లేదు, పేజీ పేరును మామూలు అక్షరాలకు మార్చేస్తాను. అయితే తెలుగు సంగతి మిగిలే ఉంది. అవే వెబ్‌సైట్లలో తెలుగు మాట రాస్తే అన్ని వరుసల్లోనూ మార్పు లేకుండా అలాగే వస్తున్నది. అక్షరాల మీద అడ్డగీత గీసే రకం ఒక్కటి మాత్రం పనిచేస్తున్నట్టే ఉండి, మాటను చిందరవందర చేసి మధ్యమధ్య చుక్కల వలయాలను చూపిస్తున్నది. దీనికి కారణం ఏమిటి?

కూర్పరి:

యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు. ముద్ద తెలుగు, వాలు తెలుగు అని వేరే వరుసలు లేవు, ఎందుకంటే గణిత సమీకరణాల్లో ముద్ద 'క' ఒక రాశి, వాలు 'క' మరో రాశి అనే వాడుక లేదు. మార్చడానికి అవతల మరో అక్షరమే లేనప్పుడు సాధనం మీ మాటను ఉన్నదున్నట్టు తిరిగి ఇస్తుంది.

అడ్డగీత కథ వేరు. ఆ సాధనం ప్రతి సంకేతం తరువాతా, ముందున్న అక్షరం మీద కలిసి కనిపించే ఒక కలుపు గుర్తును చొప్పిస్తుంది. ఇంగ్లీషులో ఒక అక్షరానికి ఒక సంకేతం కనుక అది చెల్లుతుంది. 'స్త్రీ' అన్నది మనకు ఒక్క అక్షరం, కంప్యూటరు దగ్గర అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. వీటిని కలిపి ఒత్తులనూ గుడి దీర్ఘాన్నీ సరైన చోట అమర్చే పని ఫాంటుదీ, అక్షరాలను పేర్చే సాఫ్ట్‌వేర్‌దీ. 'స'కూ పొల్లుకూ మధ్య గీత గుర్తు దూరితే ఆ రెండింటి సంబంధం తెగిపోతుంది. పట్టుకోవడానికి హల్లు దొరకని పొల్లునూ గుడి దీర్ఘాన్నీ చుక్కల వలయం మీద కూర్చోబెట్టి చూపించడం పేర్పు సాఫ్ట్‌వేర్ అలవాటు. మీరు చూసినది అదే.

అయితే పోలిన అక్షరాల బెడద తెలుగుకు లేదనుకోకండి. నిండు సున్న (ం) సంఖ్య 3074, తెలుగు అంకెల్లోని సున్న (౦) సంఖ్య 3174. 'రంగు' అని ఒకరు, 'ర౦గు' అని మరొకరు టైపు చేస్తే చాలా ఫాంట్లలో తేడా పట్టుకోవడం కష్టం, కానీ ఒకదాన్ని వెతికితే మరొకటి దొరకదు. దీన్ని ఎన్‌ఎఫ్‌కేసీ కూడా సరిచేయదు. కన్నడ లిపిలోని నిండు సున్న ఆకారమూ ఇదే, దాని సంఖ్య 3202. కావాలని ఎవరూ చేయకపోయినా, బొమ్మల నుంచి అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్ ఇచ్చిన పాఠ్యంలో ఈ సున్నల తారుమారు నేను తరచుగా చూస్తుంటాను.

తెలుగును ముద్దగా చూపించాలంటే అక్షరాన్ని మార్చని దారి ఎంచుకోవాలి. వాట్సాప్‌లో మాటకు ముందూ వెనుకా నక్షత్రం గుర్తు పెడితే ముద్దగా, కింది గీత గుర్తు పెడితే వాలుగా కనిపిస్తుంది, లోపలి అక్షరాలు మాత్రం అవే ఉంటాయి. అలాంటి వీలు లేని చోట వినికిడి గారు చెప్పినట్టు బొమ్మే గతి.

రంగవల్లి:

అందరూ ఇంత గట్టిగా వద్దంటుంటే చెప్పడానికి కొంచెం సంకోచంగానే ఉంది. నేను అక్షరాల జోలికి పోకుండా పేరుకు అటూ ఇటూ ఒక పువ్వు గుర్తో చిన్న గీతో పెడతాను. అచ్చుపని వాళ్ళు అధ్యాయాల మధ్య వాడే ఆకుల, పువ్వుల గుర్తులు యూనికోడ్‌లో ఎప్పటి నుంచో ఉన్నాయి. ఇందులోనూ ఇబ్బంది ఉందా?

వినికిడి:

రంగవల్లి గారూ, వాటిని కూడా నా స్క్రీన్ రీడర్ పేరు పెట్టి చదువుతుంది. ఒకటి రెండు ఉంటే ఏ బాధా లేదు, పేరు మాత్రం పేరుగానే వినిపిస్తుంది. ఒకే గుర్తును పదిహేను సార్లు వరుసగా పేర్చి గీతలా వాడేవారి పేజీలే కష్టం. వీలైతే పువ్వును పేరుకు ముందు కాకుండా చివర పెట్టండి, అప్పుడు వినేవారికి ముందు పేరు చేరుతుంది.

తెల్లకాగితం:

చివరిగా ఒక్క ప్రశ్న. పాత పోస్టుల్లో అలంకార అక్షరాలతో రాసిన శీర్షికలు చాలా ఉన్నాయి. వాటన్నిటినీ మళ్ళీ టైపు చేయకుండా మామూలు అక్షరాలకు తెచ్చే మార్గం ఉందా?

కాపలాదారు:

ఉంది. పైథాన్‌లో 'యూనికోడ్‌డేటా' అనే మాడ్యూల్ ముందుగానే ఉంటుంది. అందులోని నార్మలైజ్ ఫంక్షన్‌కు ఎన్‌ఎఫ్‌కేసీ అనే పేరునూ మీ శీర్షికనూ ఇస్తే మామూలు అక్షరాలు తిరిగి వస్తాయి. తెలుగు మాటలు కలిసి ఉన్నా అవి చెదరవు. శీర్షికలకే వాడండి, పోస్టు మొత్తానికి వాడకండి. చదరపు మీటరును సూచించడానికి పైన చిన్నగా వేసిన రెండు అంకెను కూడా అది మామూలు రెండుగా మార్చేస్తుంది, అప్పుడు మీ కొలతలు తప్పుగా కనిపిస్తాయి. నల్లని వలయాల్లో, నల్లని చతురస్రాల్లో తెల్లగా కనిపించే అక్షరాలకూ, తలకిందుల రాతకూ ఇది పనిచేయదు. వాటిని చేత్తోనే టైపు చేసుకోవాలి.